ఉల్లిపాయల గోడ

పెన్సిల్ చేతిలోనే ఉంది. ఈ ఇంట్లోకి పెన్నులు రానివ్వం, సిరా చుక్క పడితే తివాచీ పాడైపోతుందని నోలా భయం, అందుకని సంతకాలు కూడా పెన్సిల్‌తోనే పెడతాం. ఒళ్ళో అచ్చుకి వెళ్ళబోయే కాగితాలు, ఈ ఇల్లు చూడ్డానికి వచ్చేవాళ్ళకోసం వేస్తున్న పుస్తకానివి, అన్నిటికంటే పైన తొమ్మిదో పేజీ. "ఒసే ఎనిడ్, రెండింటికి బస్సు వస్తుంది, అందరూ గోడకాగితాల పిచ్చివాళ్ళేనట, వాళ్ళొచ్చేలోపు ఇది చదివి సంతకం పడెయ్యి, సాయంత్రం ప్రెస్సుకి పంపెయ్యాలి" అని చెప్పి నోలా చేతికర్ర టకటకలాడించుకుంటూ వంటింటివైపు వెళ్ళిపోయింది. ఒంటిగంట దాటి ఎంతోసేపు కాలేదు. తెరలన్నీ దించే ఉన్నాయి. ఎండ తగిలితే గోడల రంగు వెలిసిపోతుంది కాబట్టి సందర్శకులు గుమ్మంలోకి వచ్చేదాకా ఈ డ్రాయింగ్ రూమ్ ఇలా చీకట్లోనే ఉంటుంది. తెర అంచు సందులోంచి ఒక్క వెలుగు గీత మాత్రం లోపలికొచ్చి పియానో కాలిమీద పడి, అక్కణ్ణుంచి మెల్లగా తివాచీ మీదికి దిగుతోంది. నేను తలుపు వెనక మడతకుర్చీలో కూర్చున్నాను. ఇల్లు మొత్తానికి కూర్చోవడానికి పనికొచ్చే కుర్చీ ఇదొక్కటే. మిగతావాటిమీద ఎవరూ కూర్చోకుండా ఒక్కోదాని మీద ఒక్కో పైన్ చెట్టు కాయ పెట్టి ఉంచుతాం, కూర్చోవద్దని బోర్డు తగిలించడం కన్నా అది మర్యాద అని మా పద్ధతి. మర్యాదగా గుచ్చుకుంటుంది.

తొమ్మిదో పేజీ మూడుసార్లు చదివాను. మొదటి సగం నాకు కంఠతా వచ్చిందే, తొమ్మిదేళ్ళుగా వారానికి మూడు రోజులు నా నోటితో నేనే చెబుతున్నదే. పద్దెనిమిది వందల ఎనభై ఏడులో బంగారు గని యజమాని భార్య జార్జియానా పాస్కో ఈ పెన్‌గ్రోవ్ ఇంట్లో కాపురం పెట్టినప్పుడు లండన్ నుంచి ఏరికోరి తెప్పించుకున్న గోడకాగితం ఇది, ముదురాకుపచ్చ మీద దానిమ్మపళ్ళు, వాటి మధ్య పిట్టలు, ఆమె అభిరుచికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఇక్కడిదాకా బాగానే ఉంది. బాగానే ఉందని ఎలా అంటున్నానో చూడండి, అబద్ధం అలవాటైపోతే అలాగే ఉంటుంది. రెండో సగం కొత్తది, నోలా ఈ పుస్తకం కోసమే రాసింది. 'ఆ తర్వాత అద్దెవాళ్ళ చేతుల్లో, వంటవాళ్ళ చేతుల్లో పడి ఈ గది దశాబ్దాలపాటు పాడైంది. అందం అంటే ఏమిటో తెలియని ఆ రోజుల చెత్తనంతా తొలగించి, శ్రీమతి పాస్కో అభిరుచిని తిరిగి నిలబెట్టాం.' వంటవాళ్ళు అని బహువచనంలో రాసింది గాని ఆ రోజుల్లో ఈ ఇంట్లో వంటమనిషి ఒక్కతే, మా అమ్మ. ఆ గోడకాగితం అతికించింది కూడా మా అమ్మే. ఒకే పేజీలో పైన ఆమెకి పొగడ్త, పేరు మాత్రం ఇంకొకరిది, కింద ఆమెకి చీవాట్లు. సంతకం నేను పెట్టాలి.

అవి దానిమ్మలు కావు, ఉల్లిపాయలు. అమ్మ దానిమ్మపండు ఎప్పుడూ చూడలేదు, నేనూ పెళ్ళయ్యాకే చూశాను. బెండిగో పట్నంలో ఒక కొట్టు వెనక, అమ్ముడుపోని సరుకు పడేసే బుట్టలో ఐదు చుట్టలు దొరికాయి అమ్మకి, ఆ ముదురు రంగు ఎవరికీ నచ్చక మూలపడ్డవి. తిరుగు బస్సులో అందరి ముందూ ఒక చుట్ట విప్పి నా ఒళ్ళో పరిచింది. "చూడవే, ఉల్లిపాయలు. ఎంత బాగా వేశాడో, పైన మొలక కూడా వేశాడు." పందొమ్మిది వందల యాభై ఏడు, చలికాలం, నాకు ఏడేళ్ళు. బస్సు అద్దాల మీద ఆవిరి పట్టి బయట చెట్లు కనిపించడంలేదు, కనిపించేదల్లా నా మోకాళ్ళ మీది ఆ ఆకుపచ్చే. ఊరొచ్చేదాకా ఆ పచ్చలోనే చూస్తూ కూర్చున్నాను, ఒక పిట్ట కన్ను నా కన్నువైపే తిరిగి ఉంది. ఆ రాత్రే, కాదు మర్నాడు మధ్యాహ్నం, అద్దెవాళ్ళ భోజనాలయ్యాక, అమ్మ మైదా జిగురు కాచింది. ఉడుకుతున్న మైదాపిండి వాసన ఎక్కడ తగిలినా ఇప్పటికీ నాకు ఏడేళ్ళే. అమ్మ వంటింటి బల్ల లాక్కొచ్చి దానిమీద ఎక్కింది, సున్నంవేసే కుంచె ఒక చేత్తో, కాగితం ఇంకో చేత్తో. నేను కింద బకెట్ పట్టుకుని నిలబడ్డాను. జిగురు మోచేతినుంచి కారి చంకలోకి పోతోంది, అమ్మ నవ్వుతోంది. అమ్మ నవ్వడం ఈ ఇంట్లో చాలా తక్కువ కాబట్టి అదే నాకు బాగా గుర్తు.

అతికించింది పెద్ద గోడ కూడా కాదు. చలిమంట గూటికి పక్కన లోపలికి వెళ్ళిన గోడ ఉంది కదా, ఇప్పుడు గాజు బోర్లించిన మైనపు పళ్ళు పెట్టాం, అక్కడ నా మంచం ఉండేది. అప్పుడు ఈ గది రెండు ముక్కలు, మధ్యలో అట్టగోడ, అవతల ముక్కలో ఒక ఇంజిన్ డ్రైవర్, ఇవతల ముక్కలో మేము. ఆయన గురక పెడితే మా మంచాలు కదిలేవి, పగలంతా రైలు నడిపినవాడు నిద్రలో కూడా దాన్ని ఆపేవాడు కాదు. గోడకి చెమ్మ. రాత్రి నా జుట్టు గోడకి తగిలి పొద్దున్నకి తడిసిపోయేది, అందుకే అమ్మ ఆ గోడకే కాగితం వేసింది. నాన్న గొర్రెల ఉన్ని కత్తిరించే పనికి ఉత్తరాదికి వెళ్ళి, రెండు ఉత్తరాలు రాసి, మూడోది రాయలేదు. అమ్మకి ఈ వంటపని దొరికింది, గదితో సహా. ఇంటిని అద్దెగదులుగా నడిపే మిసెస్ ట్రెంబాత్‌కి అమ్మ పేరు అవసరం పడలేదు. "కుక్, ఉడకలేదు." "కుక్, ఉప్పెక్కువైంది." నేను బడికి వెళ్ళేదాకా అదే అమ్మ పేరనుకున్నాను. బడిలో పంతులమ్మ అడిగితే అదే చెప్పాను, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఎందుకు నవ్వుతున్నారో తెలియకుండానే.

బయట బున్యా చెట్టు నుంచి కాయ పడింది. మనిషి తలకాయంత కాయ అది, పడితే ఇల్లు ఉలిక్కిపడుతుంది. కాయలు రాలే ఈ నెల రోజులూ దానికింద తాడు కట్టి ఎవర్నీ పోనివ్వం. ఆ చెట్టు పద్దెనిమిది వందల ఎనభై ఏడు నాటి ఫోటోలో చిన్న మొక్కగా ఉంది కాబట్టి దాన్ని ఉంచాం. నిమ్మచెట్టు ఫోటోలో లేదు కాబట్టి కొట్టేశాం. కంకర బాట, పొట్టి కంచె మొక్కలు, మధ్యలో ఫౌంటెన్, అన్నీ ఫోటో ప్రకారం. పెరట్లో బట్టలారేసే ఇనప గొడుగు ఒకటి ఉండేది, గాలికి తిరిగేది, దాన్ని పీకేసిన రోజు నేనే దగ్గరుండి మనుషుల్ని పిలిచాను. అమ్మ దానిమీద అద్దెవాళ్ళ దుప్పట్లు ఆరేసేది. వాటి కింద దూరి నేను పడుకునేదాన్ని, పైన తెల్లగా ఊగుతూ, సబ్బు వాసన, ఎండ దుప్పట్లోంచి వచ్చి కళ్ళమీద పడేది. వేలుపెట్టి చూపించడానికి అక్కడ ఇప్పుడు గులాబీ మళ్ళు తప్ప ఏమీ లేదు. గులాబీలు బాగున్నాయి, కాదనను. ఈ ఇంటిని బాగుచేసిన వాళ్ళలో నేనూ ఉన్నాను, ఎవరో వచ్చి నా చిన్నతనాన్ని కొట్టేశారని ఏడవడానికి లేదు. గొడ్డలి నా చేతికే ఇచ్చారు, సరదాగానే అందుకున్నాను. ఫోటోలో లేనివాళ్ళం మేము, అంతే.

కాగితం అతికించిన పది రోజులకి మిసెస్ ట్రెంబాత్ ఈ గదిలోకి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది, లోపలికి అడుగు పెట్టకుండా మెడ మాత్రం చాచి చూసింది. "ఏంటిది కుక్? కల్లు దుకాణం గోడలా ఉంది. చౌకబారుగా. రేపటికల్లా చింపేసెయ్." అమ్మ "అలాగేనమ్మా" అంది. ఆ రాత్రి నేను పిట్టలన్నిటికీ వేలితో తల నిమిరి పడుకున్నాను, తెల్లారితే ఉండవు కదా అని. తెల్లారేసరికి క్లారీ మామయ్య వచ్చాడు, అమ్మ తమ్ముడు, వడ్రంగం పని వచ్చు గాని ఒక్కచోట నిలవడు. పెరట్లో కూలిపోయిన గుర్రపుశాల చెక్కలు దేవదారువి, ఎర్రగా గట్టిగా ఉన్నాయి, వాటితో ఆ గోడకి సరిపడా అలమర చేశాడు. మేకులు కూడా కొనలేదు. కరువు రోజుల్లో పెరిగిన మనిషి, కొత్త మేకు కొంటే అదేదో పాపం చేసినట్టు బాధపడేవాడు. గుర్రపుశాలలోంచే పాతవి పీకి, రాయిమీద పెట్టి సుత్తితో ఒక్కోటీ తిన్నగా చేశాడు, ఆ కొట్టుడు సాయంత్రందాకా వినిపించింది. అలమర కాగితానికి అడ్డంగా నిలబెట్టి గోడకి బిగించేశారు. మర్నాడు మిసెస్ ట్రెంబాత్ వచ్చి చూసి, అలమర చాలా మర్యాదగా ఉందని మెచ్చుకుంది. "చింపేశావా?" అంది. "కనిపించట్లేదు కదమ్మా" అంది అమ్మ. ఆవిడ వెళ్ళాక నన్ను చూసి కన్ను గీటింది. నా మంచం ఇవతలకొచ్చింది, నా జుట్టు మళ్ళీ తడిసింది, కానీ నాకు తెలుసు, చెక్క వెనక ఉల్లిపాయలు ఉన్నాయి. రాత్రుళ్ళు అలమరకి చెవి ఆనించి పడుకునేదాన్ని. పిట్టలు వినిపించేవని ఇప్పుడు చెబితే నోలా ముక్కు చిట్లిస్తుంది.

అలా అరవై ఏళ్ళకి దగ్గరగా ఉండిపోయాయి. వెలుగు తగలక, గాలి తగలక, ఆ ముదురాకుపచ్చ నిన్న అతికించినట్టే ఉంది. పదకొండేళ్ళ క్రితం అలమర ఊడదీసిన రోజు నేను టీ పళ్ళెం పట్టుకుని ఇదే తలుపు దగ్గర నిలబడ్డాను. మెల్‌బోర్న్ నుంచి వచ్చిన నిపుణుడు ముందు మేకుల్ని చూశాడు. చేత్తో కొట్టిన మేకులు, తల నలుపలకలుగా ఉన్నవి, పద్దెనిమిది వందల తొంభైల తర్వాత ఇలాంటివి ఎవరూ వాడలేదు అన్నాడు, అంటే అలమర అప్పటిది, అంటే వెనకున్న కాగితం అంతకన్నా పాతది. లెక్క ఎంత నీటుగా తేలిందో. కాగితాన్ని పరీక్షకి పంపుదామా అని ఎవరో అన్నారు, మేకులుండగా పరీక్ష దేనికన్నారు ఇంకెవరో. క్లారీ మామయ్య తిన్నగా చేసిన మేకులు. నన్ను ఒక్క మాట అడిగారు, అడిగింది నోలాయే. "నీ చిన్నప్పుడు ఈ అలమర ఇక్కడుందా?" ఉంది అన్నాను. అందులో అబద్ధం ఎక్కడుంది. ఇంకో మాట చెబుదామని నోరు తెరిచాను కూడా. అంతలో ఆ నిపుణుడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. సూటు వేసుకున్న మనిషి, తెల్ల చేతి తొడుగులు తొడుక్కుని, మా అమ్మ మైదాజిగురుతో అతికించిన కాగితం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "ఎంత గొప్ప కన్ను ఈవిడది" అన్నాడు. నా నోరు మూతపడిపోయింది. ఇంకా అంటాడేమో, ఇంకొక్క మాట, అని వింటూ నిలబడ్డాను. పక్కన నోలా ఏడుస్తోంది. ఆ ఏడుపు చూశాక చెప్పే క్షణం దాటిపోయింది, ఆ తర్వాత ప్రతి రోజూ ఆ క్షణం దాటిపోయే ఉంది.

నోలా సంగతి చెప్పాలి. మేమిద్దరం పెళ్ళికి ముందు ఊలు మిల్లులో పక్కపక్క మగ్గాల దగ్గర పనిచేశాం, యాభై ఏళ్ళ పైమాట. నోటి దురుసు మనిషి, ఎవరింట చావైనా మొదట వంటింట్లోకి దూరేది తనే. ఈ కాగితాన్ని పాతకాలం పద్ధతిలో చెక్క అచ్చులతో కొట్టించి గది నాలుగు గోడలకీ వేయించాలన్న పట్టు తనదే. ఆ ఖర్చుకోసం రెండు శరత్కాలాలు ఊళ్ళో ఎవరి పెరట్లో క్విన్స్ పండు కనబడినా వదల్లేదు, జామ్ కాచింది, ప్రతి శనివారం సంతలో బల్ల వేసుకుని కూర్చుంది. మరిగే జామ్ మీద పడి ఎడమ ముంజేయి కాలింది, ఆ మచ్చ ఇప్పటికీ గులాబీ రంగులో మెరుస్తూ ఉంటుంది. కాగితం గోడలకెక్కిన రోజు ఆ చెయ్యి నడుం మీద పెట్టుకుని గది మధ్యలో నిలబడి, "ఇంక నేను చచ్చినా ఫరవాలేదే" అంది. దానితో నేనేం చెప్పాలి? పైగా ఆ పిట్ట. చుట్ట చివర చాలక అమ్మ రెండు ముక్కలు కలిపి అతికించింది, ఒక ముక్కలో పిట్ట తల, తోక, ఇంకో ముక్కలో ఒట్టి తోకే దొరికింది. అతుకు కనిపించనంత నేర్పుగా అతికించేసరికి రెండు తోకల పిట్ట తయారైంది. దొరికిన ముక్క చిన్నది కాబట్టి నిపుణులకి అదీ చిత్రంలో భాగమే అనిపించింది, చెక్కమీద చెక్కేశారు, ఇప్పుడు ఈ గది చుట్టూ అడుగడుక్కీ రెండు తోకల పిట్టలే. సందర్శకులకి అదే ఎక్కువ ఇష్టం. "ఆ కాలం వాళ్ళ ఊహాశక్తి అండీ" అని చెబుతాను, లోపల్లోపల నవ్వుకుంటాను, అమ్మా చూశావా అనుకుంటాను.

అదే నా దొంగసుఖం, ఒప్పుకుంటున్నాను. తొమ్మిదేళ్ళు ఎవరో ఒకరు వచ్చి మా అమ్మని మెచ్చుకుని వెళ్ళారు. చక్కెర డబ్బా మూత తీసి చాటుగా వేలు నాకినట్టు నేనొక్కదాన్నే ఆ తీపి తిన్నాను. వాళ్ళు పాస్కో అన్నారు, నేను అమ్మ అని విన్నాను. ఆ మార్పిడి నా తలలో జరుగుతున్నంతకాలం సరిపోతుందనుకున్నాను. అమ్మ చివరిదాకా ఈ ఇంటి ముందు గుమ్మంలోంచి రాలేదు. ఇల్లు ట్రస్టు చేతికొచ్చాక మొదటిసారి జనానికి తెరిచిన రోజు తీసుకొచ్చాను. గేటు దగ్గర దిగి, కంకర బాట వదిలేసి, కాళ్ళు వాటంతటవే వెనకవైపు నడిచాయి, వంటింటి తలుపుకి. "ముందునుంచి రావమ్మా" అంటే, "ఈ చెప్పులతోనా" అంది. కొత్త చెప్పులవి. ఆ ఏడే పోయింది. ఈ గదిలోకి మాత్రం రాలేదు, అలమర చూడాలని లేదా అని అడిగితే, "దానిదేముందే, ఉంటుందిలే" అంది. ఉంది. ఉండీ, ఆ కాగితం ఇంకొకరి పేరుతో అచ్చులోకి వెళ్తోంది. నా తలలో ఉన్నది నాతో పోతుంది, ఈ పేజీ పోదు. రేపు నేను లేనప్పుడు ఈ కుర్చీలో కూర్చునేవాళ్ళు ఇది చదివే చెబుతారు. వంటవాళ్ళు పాడుచేశారని చెబుతారు, వాళ్ళకి లోపల నవ్వుకోవడానికి ఏమీ ఉండదు.

నోలా కావాలని రాయలేదు. అసలు బాధ అదే, రాసేటప్పుడు నేను గుర్తుకే రాలేదు. నేను వంటమనిషి కూతుర్నని తనకి తెలుసు, ఊరందరికీ తెలుసు. చెబితే తన యాభై ఏళ్ళ స్నేహం ఉంటుందో ఉండదో. ఇవాళ కాదు, వచ్చేవారం చెబుతానని అనుకోవచ్చు, ప్రెస్సు వచ్చేవారం దాకా ఆగదు. వెలుగు గీత తివాచీ దాటి సోఫా కాలిదాకా వచ్చింది. నిద్రపోయానేమో కాసేపు, లేకపోతే చలిమంట గూటి పక్క మూలలో ఒక చిన్నపిల్ల మంచం మీద పడుకుని కనిపించడమేంటి, జుట్టు తడిగా, అలమరకి చెవి ఆనించి. కళ్ళు నలుపుకున్నాను. మైనపు పళ్ళు. వంటింట్లోంచి స్కోన్ల వాసన, వేడి మైదా వాసన, అమ్మ బల్లమీద నిలబడి కిందికి చూస్తోంది, బకెట్ పైకెత్తవే ఎనిడ్, ఇంకొంచెం, ఆ, అలా. జార్జియానా పాస్కో పేరు మీద గీత కొట్టాను. దానిపైన 'మా అమ్మ' అని రాశాను. కింది సగం మొత్తం కొట్టేశాను. కాగితం చిరిగేంత గట్టిగా కొట్టాను.

"అయిందా?" నోలా వచ్చింది, చేతులకి పిండి, ఏప్రాన్‌కి తుడుచుకుంటూ. అయింది అన్నాను. కాగితం అందుకుని తలుపు దగ్గర వెలుగులోకి పట్టుకుని చూసింది.

"ఇదేంటే, జార్జియానా పేరు కొట్టేశావు. 'మా అమ్మ' అని రాశావు. 'మా అమ్మ' అని అచ్చులో ఎలా వేస్తాం, ఎవరమ్మ అనుకోవాలి చదివేవాళ్ళు?"

"మా అమ్మే. ఈ కాగితం ఆవిడ అతికించింది నోలా. నేను బకెట్ పట్టుకున్నాను."

"మతి గాని పోయిందా నీకు. మేకులు..."

"మేకులు గుర్రపుశాలవి. మా క్లారీ మామయ్య పీకి తిన్నగా చేశాడు. మిసెస్ ట్రెంబాత్ చింపెయ్యమంటే అమ్మ చింపలేక అలమర అడ్డం పెట్టించింది."

నోలా గోడవైపు చూసింది, చీకట్లో కనిపించేదేమీ లేకపోయినా. "మరి ఆ రెండు తోకల పిట్ట?" అంది.

"చుట్ట చాలలేదు. చివర అతుకు వేసేసరికి తల దొరకలేదు."

ముంజేతి మీది మచ్చని కుడిచేత్తో పట్టుకుంది, చలేసినట్టు. "నిన్ను అడిగాను నేను. ఇక్కడే నిలబడి అడిగాను. ఉందన్నావు."

"ఉంది కాబట్టి ఉందన్నాను."

"అప్పుడే చెప్పుంటే పడీపడీ నవ్వేదాన్నే. నీ మీద ఒట్టు, నవ్వేదాన్ని. ఇప్పుడు నవ్వు రావట్లేదు." కాగితం మడిచి ఏప్రాన్ జేబులో పెట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరగకుండానే, "వంటవాళ్ళు అని రాసింది నిన్ను ఉద్దేశించి కాదు" అంది. తెలుసు అన్నాను. ఆ మాట తనకి ఇంకా గట్టిగా తగిలిందని భుజాలు చూస్తే తెలిసింది. కర్ర చప్పుడు నడవాలోంచి దూరమైంది, వంటింటి తలుపు మూసుకుంది. నేను మడతకుర్చీలోంచి లేచాను, కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఏదో పెద్ద పని చేసినట్టు కాదు, ఇంట్లో ఎవరినో కొట్టినట్టు అనిపించింది.

బస్సు ఆగిన చప్పుడు, కంకర మీద చాలా అడుగులు, ఆడవాళ్ళ నవ్వులు. తెరలు ఎత్తాను, ఒకటి, రెండు, మూడు, గోడలు ఆకుపచ్చగా ముందుకొచ్చాయి. ఎర్ర తాడు అవతల ఇరవై మందిదాకా నిలబడ్డారు. రెండు చేతులూ ముందు కట్టుకుని నిలబడ్డాను, ఎప్పుడూ నిలబడినట్టే. నోట్లో పాత వాక్యం సిద్ధంగా ఉంది, దానంతటదే వచ్చేస్తుంది, పద్దెనిమిది వందల ఎనభై ఏడులో అని. నాలుకని పళ్ళతో ఆపాను. "ఈ కాగితం," అన్నాను, "పందొమ్మిది వందల యాభై ఏడులో మా అమ్మ అతికించింది. చిన్న ముక్క, ఆ మూల. దాన్ని చూసి పొరపాటుపడి ఈ గదంతా వేశాం. పొరపాటని నాకు మొదట్నించీ తెలుసు. నేను చెప్పలేదు." గదిలో గుసగుస బయలుదేరింది. కెమెరా ఎత్తిన ఒకావిడ దించేసింది. గుండ్రటి కళ్ళద్దాలాయన చేతిలో పుస్తకం మూసేసి, కొంచెం కోపంగానే, "మరి పాస్కో గారి కాలంలో ఈ గోడలకి ఏముండేదండీ?" అన్నాడు. "తెలీదండీ" అన్నాను. "ఎవరికీ తెలీదు." ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇంత దూరం బస్సులో వచ్చింది ఇందుకా అన్నట్టు ఇద్దరు ముగ్గురు తలుపువైపు జరిగారు.

వాళ్ళు జరిగిన సందులో, అందరికన్నా వెనక, నోలా నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. ఏప్రాన్ విప్పేసింది, ముఖం కడుక్కుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాతో పాటు తాడుకి ఇవతల ఉండాల్సిన మనిషి, తాడుకి అవతల సందర్శకుల్లో నిలబడింది. కాలిన చెయ్యి పైకెత్తింది, ప్రశ్న అడిగేవాళ్ళు ఎత్తినట్టు. అమ్మ శవపేటిక వెనక నా చెయ్యి పట్టుకుని నడిచింది తను, అమ్మ గురించి తనకి తెలియనిదేమీ లేదు. యాభై ఏళ్ళలో ఒక్కసారి నన్ను మీరు అన్నది లేదు.

"మీ అమ్మగారి పేరేంటండీ?" అంది, గదంతా వినిపించేలా.

అందరూ నావైపు తిరిగారు. తలుపుదాకా వెళ్ళినవాళ్ళు కూడా ఆగారు.

"డల్సీ," అన్నాను. "డల్సీ టాన్‌కిన్. ఈ ఇంట్లో వంట చేసేది."